మన పేట చరిత్ర, మన హైస్కూల్ చరిత్ర: ఆధారాలు వెతికి పట్టుకునే దారి

సికింద్రాబాద్ ప్యాట్నీ సెంటర్ దగ్గరున్న మహబూబ్ కాలేజీ గురించి ఎక్కడ చదివినా ఒకే వాక్యం కనిపిస్తుంది: 1862లో సోమసుందరం ముదలియార్ స్థాపించారు. వాక్యం బాగానే ఉంది. కానీ ఆ పేరు ఎవరిది? ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌ది. ఆయన పుట్టింది 1866లో. పుట్టని మనిషి పేరు బడికి పెట్టరు కదా! అంటే 1862లో మొదలైనప్పుడు ఆ బడికి వేరే పేరుంది. అది ఆంగ్లో వెర్నాక్యులర్ స్కూల్. మహబూబ్ పేరు తర్వాత వచ్చింది. ఆ సంగతి తెలియని వాళ్ళు "1862 నాటి మహబూబ్ కాలేజీ కాగితాలు" అని వెతికితే ఒక్కటీ దొరకదు. అసలు పేరుతో వెతికిన వాళ్ళకే ఏదైనా చేతికి వస్తుంది.

పేట చరిత్రైనా, బడి చరిత్రైనా సగం పని ఇలాంటి లెక్కలే. మిగతా సగం, కాగితం ఏ బీరువాలో ఉందో కనిపెట్టడం. దానికి నేను నమ్మే సూత్రం ఒకటే: ఆ ఏడాది ఆ వీధిని ఎవరు పాలించారో, ఆ బడికి డబ్బు ఎవరిచ్చారో చూడండి. కాగితం వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఈ వ్యాసమంతా ఆ సూత్రాన్ని పట్టుకునే నడుస్తుంది. ఉదాహరణలు ఎక్కువగా సికింద్రాబాద్, హైదరాబాద్‌ల నుంచి ఇస్తున్నాను. కోస్తా ఊళ్ళ వాళ్ళకి ఎక్కడ దారి మారుతుందో అక్కడక్కడా చెబుతాను.

1. హద్దు గీసుకోండి

"మా ఏరియా చరిత్ర రాస్తా" అని బయల్దేరితే ఆ పని తెమలదు. కాగితం మీద మీ పేట పటం వేసి నాలుగు వైపులా హద్దు గీయండి. ఏ కాలం నుంచి ఏ కాలం దాకా అన్నది కూడా అక్కడే రాయండి. తర్వాత మూడు నాలుగు ప్రశ్నలు రాసుకోండి, అదీ జవాబు దొరికే ప్రశ్నలు. "మా బడి గొప్పతనం ఏమిటి" అన్నది ప్రశ్న కాదు. "బడి ఈ స్థలంలోకి ఎప్పుడు వచ్చింది, అంతకుముందు ఇక్కడ ఏముంది, స్థలం ఎవరిచ్చారు, మొదటి పదేళ్ళలో ఏ వీధుల పిల్లలు చదివారు" అన్నవి ప్రశ్నలు.

బడినీ పేటనీ కలిపి వెతకడం మంచిది. బడి రిజిస్టర్లో పేట జనం కనిపిస్తారు, పేట దస్తావేజుల్లో బడి స్థలం కనిపిస్తుంది.

2. ఎవరి ఏలుబడి? సంవత్సరాల వారీగా పట్టిక వేయండి

చాలామంది వదిలేసే మెట్టు ఇదే. ఇది చేయకపోతే తప్పు ఆఫీసు చుట్టూ నెలల తరబడి తిరగాల్సి వస్తుంది.

ఇవాళ హైదరాబాద్ అంటున్న నగరంలో వందేళ్ళ కిందట కనీసం మూడు రకాల పాలన ఉండేది. పాతబస్తీ, చుట్టుపక్కల పేటలు నిజాం ప్రభుత్వం కింద ఉండేవి. కోఠీలో రెసిడెంట్ (నిజాం కొలువులో బ్రిటిష్ ప్రతినిధి) భవనం చుట్టూ ఉన్న రెసిడెన్సీ బజార్లు మాత్రం రెసిడెంట్ కింద ఉండి, 1933లో నిజాం ప్రభుత్వానికి తిరిగి వచ్చాయి. ఇప్పటి సుల్తాన్ బజార్ అదే. ఇక సికింద్రాబాద్. 1798 ఒప్పందంతో ఇంగ్లిష్ సైన్యం ఇక్కడ స్థిరపడింది. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు ఈ ఊరికి వచ్చింది. అక్కడి నుంచి 1945 చివరిదాకా ఊరి పాలన బ్రిటిష్ వాళ్ళదే. తర్వాత సికింద్రాబాద్‌కి సొంత మున్సిపాలిటీ వచ్చింది. 1950లో రెండు ఊళ్ళవీ కార్పొరేషన్లయ్యాయి. 1960లో రెండూ కలిసిపోయాయి. 2007లో జీహెచ్ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్) వచ్చింది. కంటోన్మెంట్ ప్రాంతంలో ఇప్పటికీ కంటోన్మెంట్ బోర్డే ఉంది.

దీన్ని పట్టికగా రాసుకుంటే ఎటు వెళ్ళాలో దానంతటదే తేలుతుంది. 1890 నాటి సికింద్రాబాద్ జనరల్ బజార్ గురించి కావాలంటే నిజాం కాలం నాటి ఉర్దూ ఫైళ్ళకన్నా ముందు రెసిడెన్సీ, కంటోన్మెంట్ ఇంగ్లిష్ ఫైళ్ళు చూడాలి. అవి ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్‌లో (పాత సర్కారు కాగితాలు దాచే చోటు), లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉంటాయి. అదే ఏడాది పాతబస్తీలోని షాలిబండ గురించి కావాలంటే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కి వెళ్ళాలి. రెండు పేటల మధ్య దూరం కొన్ని కిలోమీటర్లే, కాగితాల మధ్య దూరం మాత్రం సముద్రాలు దాటుతుంది.

కోస్తా, రాయలసీమ ఊళ్ళకైతే 1953 అక్టోబర్ 1 దాకా మద్రాసు ప్రభుత్వమే. ఆ కాలపు సెక్రటేరియట్ ఫైళ్ళు చాలావరకు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. జీవోలకీ, నియామకాలకీ ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్ చూడాలి. బడి పాతకాలంలో డిస్ట్రిక్ట్ బోర్డు హైస్కూలైతే, ఇప్పుడు దాని పేరు జిల్లా పరిషత్ హైస్కూలై ఉంటుంది. పాత పేరుతోనే వెతకాలి. మిషన్ బడులైతే దారి పూర్తిగా వేరు. 1843లో మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ మొదలుపెట్టిన బడి చర్చి మిషనరీ సొసైటీది. ఆ సొసైటీ కాగితాలు ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో ఉన్నాయి. లండన్ మిషనరీ సొసైటీ కాగితాలు లండన్‌లోని సోయాస్ (స్కూల్ ఆఫ్ ఓరియెంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్) లో ఉన్నాయి. మిషనరీలు ఏటా తమ సొసైటీకి రిపోర్టు పంపేవారు: ఎంతమంది పిల్లలు, ఎంత ఖర్చు, ఏ గోడ కూలింది. అచ్చయిన రిపోర్టులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చాలా ఉచితంగా దొరుకుతాయి. సర్కారు బడి కన్నా మిషన్ బడి చరిత్ర రాయడం తేలిక అనడానికి కారణం ఇదే. చందాలిచ్చిన వాళ్ళకి లెక్క చెప్పాలి కాబట్టి రాశారు.

3. పేర్ల జాబితా

మీ పేటకీ, వీధులకీ, బడికీ ఉన్న పేర్లన్నీ ఒక చోట రాయండి. సికింద్రాబాద్ ఎంజీ రోడ్డు ఒకప్పుడు జేమ్స్ స్ట్రీట్. రాష్ట్రపతి రోడ్డు ఒకప్పుడు కింగ్స్‌వే. దేశానికి రాష్ట్రపతి వచ్చిందే 1950లో కాబట్టి, అంతకుముందు కాగితంలో ఆ రోడ్డు పేరు వెతికి లాభం లేదు.

ఇంగ్లిష్ స్పెల్లింగులతో ఇంకా చిక్కు. మహబూబ్‌ని ఒకరు 'యు'తో రాస్తే ఇంకొకరు రెండు 'ఓ'లతో రాస్తారు, మూడో ఆయన మొదటి అక్షరం తర్వాత 'ఇ' పెడతాడు. వెతుకులాట పెట్టెలో ఒక్కో స్పెల్లింగ్ విడివిడిగా కొట్టి చూడాలి. 1893 ఫిబ్రవరి 11న స్వామి వివేకానంద హైదరాబాద్ నుంచి మద్రాసులోని అళసింగ పెరుమాళ్‌కి రాసిన ఉత్తరం అచ్చులో ఉంది. అందులో తాను దిగిన ఇంటి చిరునామా ఖైరతాబాద్ అని కాక, "ఖర్తాబాద్" అని ఉంటుంది. సరైన స్పెల్లింగ్‌తో వెతికేవాళ్ళకి ఆ ఉత్తరం చిక్కదు.

4. బడిలో ఏముంటుంది

ఇక బడికి వెళ్ళాలి. వెళ్ళే కాలం ముఖ్యం. జూన్‌లో అడ్మిషన్ల హడావిడి, మార్చిలో పరీక్షల టెన్షన్. ఈ రెండూ తప్పించి వెళ్ళండి. సర్కారు బడైతే హెడ్మాస్టర్ గారికి, ఎయిడెడ్ లేదా ప్రైవేటు బడైతే కరస్పాండెంట్ గారికి ఒక పేజీ ఉత్తరం రాసి తీసుకెళ్ళండి: ఎవరు మీరు, ఏ కాలం రికార్డులు చూడాలి, ఫొటోలు తీసుకుంటారా, తీసినవాటితో ఏం చేస్తారు. ఫొటోలన్నిటి కాపీ బడికే ఇస్తానని అందులోనే రాయండి. చాలా తలుపులు ఆ ఒక్క మాటతో తెరుచుకుంటాయి. పూర్వ విద్యార్థుల సంఘం ఉంటే వాళ్ళలో ఒకరిని వెంట తీసుకెళ్ళడం ఇంకా మంచిది.

హెడ్మాస్టర్లు మూడు నాలుగేళ్ళకి బదిలీ అవుతారు. పాత బీరువా తాళంచెవి ఎక్కడుందో, వానలకి ఏ గదిలోంచి ఏ గదిలోకి పుస్తకాలు మార్చారో తెలిసింది అటెండర్ గారికి. ఆయనతో టీ తాగకుండా వెనక్కి రావద్దు.

అడగాల్సినవి ఇవి.

అడ్మిషన్ రిజిస్టర్. బడికి ఇది ప్రాణం. పారేయకూడని రికార్డు కాబట్టి చాలా బడుల్లో బతికే ఉంటుంది. పిల్లవాడి పేరు, తండ్రి లేదా సంరక్షకుడి పేరు, పుట్టినతేదీ, కులం, మతం, ఏ తరగతిలో చేరాడు, అంతకుముందు ఎక్కడ చదివాడు, ఎప్పుడు వెళ్ళిపోయాడు, ఎందుకు. కొన్ని రిజిస్టర్లలో తండ్రి వృత్తి, మాతృభాష, ఊరు కూడా ఉంటాయి. ఒక్కో దశాబ్దం నుంచి ఒక్కో ఏడాది తీసుకుని ఆ ఏడాది చేరిన పిల్లలందరినీ ఎక్సెల్‌లో ఎక్కించండి. పేట ఎలా మారిందో మీ కళ్ళ ముందే కనబడుతుంది. సికింద్రాబాద్ లాంటి చోట తమిళం, తెలుగు, ఉర్దూ, మరాఠీ మాతృభాషలుగా ఉన్న పిల్లలు ఏ కాలంలో పెరిగారు, ఏ కాలంలో తగ్గారు అన్నది ఏ పుస్తకంలోనూ దొరకదు, ఇక్కడే దొరుకుతుంది. "వెళ్ళిపోవడానికి కారణం" అన్న గడి మీద ప్రత్యేకంగా కన్నేయండి. ఫీజు కట్టలేదు, తండ్రికి బదిలీ, పెళ్ళి. పేట ఆర్థిక స్థితి ఆ గడిలో ఉంటుంది.

ఒక జాగ్రత్త. ఆ రిజిస్టర్లో పుట్టినతేదీలని నమ్మకండి. మన పెద్దవాళ్ళలో ఎంతమంది జూన్ 1న, జూలై 1న పుట్టారో చూడండి. వాళ్ళ అమ్మలు కన్న తేదీలు కావవి, బడిలో చేర్చిన రోజున అయ్యవారు వేసిన తేదీలు.

తర్వాత యాజమాన్య కమిటీ మినిట్స్ బుక్కులు. ప్రైవేటు, ఎయిడెడ్ బడులకే ఉంటాయి. ఎవరు చందా ఇచ్చారు, ఏ టీచర్ని ఎందుకు తీశారు, స్థలం కోసం ఎవరికి అర్జీ పెట్టారు, అన్నీ ఇందులో ఉంటాయి. బడి తన గురించి తాను దాచకుండా రాసుకున్న పుస్తకం ఇదొక్కటే. అందుకే చూపించడానికి వెనకాడతారు. తొందరపెట్టకండి. ముందు అడ్మిషన్ రిజిస్టర్ చూసి, దాని నుంచి ఒక చిన్న వ్యాసం రాసి వాళ్ళ చేతిలో పెట్టండి. రెండోసారి అడిగినప్పుడు జవాబు మారొచ్చు.

ఇన్స్పెక్షన్ రిపోర్టులు, విజిటర్స్ బుక్, జీతాల రిజిస్టర్లు, రజతోత్సవ, స్వర్ణోత్సవ సంచికలు, స్కూల్ మ్యాగజైన్లు, హెడ్మాస్టర్ల పేర్ల బోర్డు, గ్రూప్ ఫొటోలు, గోడల్లో పొదిగిన శిలాఫలకాలు కూడా చూడండి. వీటిలో ఉత్సవ సంచికలు చదవడానికి బాగుంటాయి, నమ్మడానికి కావు. అందులో చరిత్ర వ్యాసం సాధారణంగా ఒక రిటైర్డ్ మాస్టారు జ్ఞాపకం మీద రాసింది. తర్వాతి సంచికలు దాన్నే ఎత్తి రాస్తాయి. కానీ ఆ సంచికల్లో వ్యాపార ప్రకటనలు బంగారం. ఆ ఏడాది పేటలో ఏ దుకాణం ఏ చిరునామాలో ఉందో అవే చెబుతాయి.

ఫొటోలు తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు. కిటికీ పక్కన పగటి వెలుతురులో తీయండి. ముందు అట్ట, తర్వాత మొదటి పేజీ, ఆ తర్వాత లోపలి పేజీలు. చిరిగిన పేజీకి సెల్లోటేపు వేయొద్దు, ల్యామినేషన్ అసలే వద్దు. కొన్నేళ్ళకి ఆ టేపే కాగితాన్ని పసుపు చేసి తినేస్తుంది.

సర్కారు బడి గుర్తింపు ఉత్తర్వు, అప్‌గ్రేడ్ జీవో లాంటివి డీఈఓ (జిల్లా విద్యాశాఖాధికారి) కార్యాలయంలో ఉండాలి. అడిగితే దొరక్కపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. "బడి చరిత్ర ఇవ్వండి" అని రాస్తే "సమాచారం లేదు" అని ఒక్క లైను వస్తుంది. "ఫలానా బడిని హైస్కూల్‌గా అప్‌గ్రేడ్ చేసిన ఉత్తర్వు నకలు" అని రాయండి. ఉన్న కాగితం ఇవ్వడమే వాళ్ళ పని, మనకోసం కొత్తగా వ్యాసం రాయడం కాదు.

5. "స్థాపన" అంటే ఏ రోజు?

బడికి పుట్టినరోజులు చాలా ఉంటాయి. ఎవరి అరుగు మీదో పాఠాలు మొదలైన రోజు, ప్రభుత్వం గుర్తించిన రోజు, మిడిల్ స్కూల్ హైస్కూలైన రోజు, శంకుస్థాపన రోజు, భవనం తెరిచిన రోజు, పేరు మారిన రోజు. బోర్డు మీద వీటిలో అన్నిటికన్నా పాతదే ఉంటుంది. అది సహజం. బడి వయసు ఎంత ఎక్కువైతే అంత గౌరవం.

మీరు మాత్రం వీటికి విడివిడిగా గడులు పెట్టుకుని ఒక్కోదానికీ ఆధారం వెతకండి. శిలాఫలకం మీది తేదీ శంకుస్థాపనదా, ప్రారంభోత్సవానిదా చూడండి. రెండిటి మధ్య ఏళ్ళు గడిచిన సందర్భాలు కోకొల్లలు. మొదట చెప్పిన మహబూబ్ లెక్క లాంటిది ప్రతి తేదీకీ వేసి చూడండి: ఈ పేరున్న మనిషి అప్పటికి పుట్టాడా, ఈ పదవి అప్పటికి ఉందా, ఈ రోడ్డు అప్పటికి పడిందా? సికింద్రాబాద్‌కి రైలు వచ్చింది 1874లో. 1870లో ఒకాయన ఇక్కడ రైలు దిగి బడి పెట్టాడని ఎవరైనా రాస్తే ఆ కథ అక్కడే ఆగిపోవాలి.

6. తేదీల లెక్క: ఫసలీ

నిజాం రాజ్యపు కాగితాల మీద తేదీలు ఫసలీలో, అంటే శిస్తు లెక్కలకి వాడిన సంవత్సరాల్లో ఉంటాయి. 1357 ఫసలీ చూసి కంగారుపడొద్దు. ఏడాది అక్టోబర్ మొదట్లో 'ఆజుర్' నెలతో మొదలవుతుంది. తర్వాత దై, బహ్మన్, ఇస్ఫందార్ అలా పన్నెండు నెలలు. ఏడాది మొదట్లోని నెలలకి, అంటే డిసెంబర్ దాకా, 590 కలపండి. జనవరి నుంచి 591 కలపండి. 1357 ఫసలీ అంటే 1947 అక్టోబర్ నుంచి 1948 అక్టోబర్ దాకా. పోలీస్ చర్య జరిగింది ఆ ఏడాది చివర్లోనే.

మద్రాసు ఇలాకాలోనూ ఫసలీ ఉంది కానీ అక్కడ ఏడాది జూలై 1న మొదలు. ఒకే అంకె, రెండు రాజ్యాల్లో కొన్ని నెలల తేడా. సరిహద్దు జిల్లాల వాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. హిజ్రీ (ముస్లిం పంచాంగం) తేదీలకి మాత్రం నోటి లెక్క పనికిరాదు, నెట్‌లో కన్వర్టర్ వాడండి. వాడాక కూడా ఒక రోజు అటూ ఇటూ ఉండొచ్చు. నోట్సులో అసలు తేదీనీ, మీరు మార్చిన తేదీనీ రెండూ రాయండి. మార్చినదే రాస్తే రేపు ఎవరూ సరిచూడలేరు.

7. ఆర్కైవ్స్, గ్రంథాలయాలు

ముందు ఇంట్లో కూర్చుని చేయగలిగింది చేయండి. జాతీయ ఆర్కైవ్స్ వాళ్ళ 'అభిలేఖ్ పటల్' సైట్‌లో ఉచితంగా ఖాతా తెరిచి ఫైళ్ళ పేర్లు వెతకొచ్చు, కొన్ని ఫైళ్ళు అక్కడే చదవొచ్చు. పాత గెజిటీర్లు, సెన్సస్ సంపుటాలు, విద్యాశాఖ వార్షిక నివేదికలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చాలా ఉన్నాయి. గెజిటీర్‌లో మీ పేట గురించి రెండు వాక్యాలే ఉండొచ్చు. కానీ ఊరి జనాభా, బడుల సంఖ్య ఉంటాయి. అవే మీ కథకి నేపథ్యం.

తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కి గుర్తింపు కార్డుతో, ఏం వెతుకుతున్నారో రాసిన దరఖాస్తుతో వెళ్ళండి. కాలేజీ నుంచో సంస్థ నుంచో ఒక పరిచయ ఉత్తరం ఉంటే పని సులువవుతుంది. ముందు ఇండెక్సులు అడగండి, ఫైలు కాదు. అక్కడ చిక్కు భాష. 1880ల మధ్య దాకా దఫ్తరు భాష పారసీ, తర్వాత 1948 దాకా ఉర్దూ. గొలుసుకట్టు చేతిరాత అచ్చు ఉర్దూ చదవగలిగే వాళ్ళకి కూడా లొంగదు. దానికి సిగ్గుపడక్కర్లేదు. ఉర్దూ బాగా తెలిసిన ఒక రిటైర్డ్ మాస్టారిని వెంటబెట్టుకోండి, ఆయనకి దారి ఖర్చులూ భోజనమూ మీరు చూసుకోండి, పుస్తకంలో ఆయన పేరు వేయండి.

గ్రంథాలయాల్లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, 1901లో పెట్టిన సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం చూడదగ్గవి. ఆంధ్రవైపు 1918 నాటి వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం. ఇలాంటి చోట్ల కేటలాగ్ మీద ఆధారపడకండి. "పాత బడి సంచికలు, సభల కరపత్రాలు, ఆహ్వానాలు ఏమైనా ఉన్నాయా" అని లైబ్రేరియన్ గారినే అడగండి.

కంటోన్మెంట్ స్థలాలకి జనరల్ ల్యాండ్ రిజిస్టర్ అని ఒకటుంది. సర్వే నంబరు వారీగా ఏ బంగ్లా ఎవరి ఆధీనంలో, ఏ షరతు మీద ఉందో అందులో రాసి ఉంటుంది. సికింద్రాబాద్ బడుల్లో పాత బంగ్లాల్లో నడిచినవి ఉన్నాయి కాబట్టి ఇది ఉపయోగపడుతుంది. స్థల వివాదాలున్న చోట అడగ్గానే చూపిస్తారని ఆశపడొద్దు.

8. పత్రికలు

కృష్ణాపత్రిక 1902 నుంచి, ఆంధ్రపత్రిక 1908 నుంచి, గోలకొండ పత్రిక 1926 నుంచి, సికింద్రాబాద్ నుంచి వచ్చిన డెక్కన్ క్రానికల్ 1938 నుంచి, సియాసత్ 1949 నుంచి. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలు చాలా స్కాన్ చేయించింది.

తెలుగు స్కాన్లలో పదం కొట్టి వెతికితే దొరకడం కష్టం. తేదీ పట్టుకుని వెతకాలి. బడి వార్షికోత్సవం ఏ నెలలో చేసేవారో సంచికల నుంచి తెలుసుకుని, ఆ వారం పత్రికలన్నీ తిరగేయండి. జూన్‌లో ప్రవేశాల ప్రకటనలు, వేసవిలో ఫలితాల జాబితాలు చూడండి. "రేపు ఫలానా మంత్రి ప్రారంభిస్తారు" అన్న వార్త దొరికితే అక్కడ ఆగకండి. మర్నాటి పత్రిక చూడండి. మంత్రి రాకపోయి ఉండొచ్చు, వాన పడి ఉండొచ్చు. జరగబోతుందన్న వార్త, జరిగిందనడానికి సాక్ష్యం కాదు.

9. పటాలు, దస్తావేజులు

హైదరాబాద్‌కి 1910ల్లో లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో వేసిన మున్సిపల్ సర్వే పటాలు ఉన్నాయి. ఇంటింటినీ, బావినీ, మసీదునీ, గుడినీ చూపించేంత వివరంగా ఉంటాయి. మీ పేట వాటిలో ఉంటే ఒక ప్రింటు తీసుకుని దానితో వీధిలో నడవండి. ఏ సందు మిగిలింది, ఏ చెరువు మాయమైంది తెలుస్తుంది. ఈమధ్య ఇరవై ఏళ్ళ మార్పులకి గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాలు చాలు.

పాత ఇళ్ళ వాళ్ళతో పరిచయం పెరిగితే అమ్మకం దస్తావేజు చూపించమని అడగండి. ధర కోసం కాదు, చెక్కుబందీ కోసం. తూర్పున ఫలానా వారి ఇల్లు, పడమర సర్కారు బజారు, ఉత్తరాన బడి ప్రహరీ అని రాసి ఉంటుంది. నాలుగు దస్తావేజులు పక్కపక్కన పెడితే ఆ ఏడాది వీధి మొత్తం తిరిగి లేస్తుంది. లింకు డాక్యుమెంట్లు (అదే స్థలానికి అంతకుముందు జరిగిన అమ్మకాల కాగితాలు) కూడా ఉంటే రెండు తరాలు వెనక్కి వెళ్ళొచ్చు. రిజిస్ట్రేషన్ శాఖ ఈసీ (స్థలం మీద జరిగిన లావాదేవీల జాబితా) ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది, అంతకుముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేతితో వెతికించుకోవాలి. ఇంటి నంబర్లలో మొదటి అంకె వార్డు, రెండోది బ్లాకు అని గుర్తుంటే పాత చిరునామా ఏ మూలదో పట్టుకోవచ్చు.

10. పెద్దవాళ్ళ మాట

పెద్దవాళ్ళ దగ్గరికి కాగితాలు కొంత చూశాకే వెళ్ళండి. ఖాళీ చేతులతో వెళితే "మా కాలంలో చదువులు బాగుండేవి" దగ్గరే ఆగిపోతుంది. పాత గ్రూప్ ఫొటో ఒకటి చేతిలో పెట్టి, "సార్, వెనక వరసలో నిలబడ్డ ఈయన ఎవరండీ" అని అడగండి. ఇక గంటసేపు మీరు మాట్లాడక్కర్లేదు.

ఏ సంవత్సరం అని అడగొద్దు. సంవత్సరాలు ఎవరికీ గుర్తుండవు. "పోలీస్ చర్యకి ముందా, తర్వాతా? ముల్కీ గొడవలప్పుడు మీరు ఏ తరగతి? అరవై తొమ్మిది ఉద్యమంలో బడి ఎన్నాళ్ళు మూసేశారు?" అని అడగండి. 1948, 1952, 1969 మీకు తెలుసు కాబట్టి మిగతావి వాటి చుట్టూ సర్దుకుంటాయి. తినడం, తాగడం, కూర్చోవడం గురించి అడగండి: గేటు బయట ఏం అమ్మేవారు, మంచినీళ్ళు ఎక్కడ తాగేవారు, అందరూ ఒకే కుండలో తాగేవారా, ఎవరు ఎక్కడ కూర్చునేవారు? బడిలో కులం ఎలా నడిచిందో రిజిస్టర్లో గడి చెప్పదు, ఈ జవాబులు చెబుతాయి.

ఎవరితో మాట్లాడుతున్నారో లెక్క చూసుకోండి. డాక్టరై, ఇంజినీరై రిటైరైన పూర్వ విద్యార్థులు తేలికగా దొరుకుతారు. మధ్యలో మానేసిన వాళ్ళు, ఆయాలు, గేటు దగ్గర బండి పెట్టుకున్న వాళ్ళు, ఆ బడిలో చేరనివ్వని వాళ్ళు వెతికితేగానీ దొరకరు. భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి హైదరాబాద్ దళితవాడల్లో బడులు పెట్టారు. పక్కనే పెద్ద హైస్కూళ్ళు ఉండగా ఆ బడులు ఎందుకు పెట్టాల్సి వచ్చిందన్నది ఆ హైస్కూళ్ళ చరిత్రలో కూడా భాగమే.

రికార్డింగ్ మొదట్లో తేదీ, చోటు, మాట్లాడేవారి పేరు చెప్పించండి. "ఇది పుస్తకంలో వేసుకోవచ్చా" అన్న ప్రశ్నకీ, దానికి జవాబుకీ కూడా రికార్డింగ్ ఉండాలి. "ఇది రాయొద్దు నాయనా" అన్నది రాయొద్దు.

11. ఒక సంఘటనని మొదటిదాకా తవ్వడం

మళ్ళీ మహబూబ్ కాలేజీకే వద్దాం. 1893 ఫిబ్రవరి 13న వివేకానంద ఇక్కడ "పాశ్చాత్య దేశాలకు నా సందేశయాత్ర" అన్న అర్థం వచ్చే ఇంగ్లిష్ శీర్షికతో మాట్లాడారని, పండిత రతన్‌లాల్ అధ్యక్షత వహించారని, వెయ్యి మందికి పైగా వచ్చారని ప్రసిద్ధి. ఇది ఎక్కడినుంచి వచ్చింది? నేటి వార్తా కథనాలు ఒకదాన్ని చూసి ఒకటి రాస్తాయి. వాటిని పక్కన పెట్టి వెనక్కి వెళితే, ఆయన శిష్యులు తర్వాత రాసిన జీవిత చరిత్ర దగ్గర ఆగుతాం. అది ముఖ్యమైనదే, కానీ ఆ రోజు రాసింది కాదు. ఇంకా వెనక్కి వెళితే, పైన చెప్పిన ఫిబ్రవరి 11 నాటి ఉత్తరం. ఇది ఆ వారంలోనే, ఆయన చేత్తో రాసింది. ఆయన ఆ రోజుల్లో హైదరాబాద్‌లో ఉన్నారని, ఒక బెంగాలీ ఇంజినీరు ఇంట్లో దిగారని నిక్కచ్చిగా చెబుతుంది. 13వ తేదీ సభ గురించి మాత్రం చెప్పదు, ఎందుకంటే అది ఇంకా జరగలేదు. సభకి ఆనాటి సాక్ష్యం కావాలంటే ఆ వారపు ఇంగ్లిష్ పత్రికల్లో, కాలేజీ మినిట్స్‌లో వెతకాలి. వెయ్యి మంది అన్న అంకె ఎవరు లెక్కపెట్టారో కూడా అక్కడే తేలాలి.

మీ పేటలో "గాంధీగారు వచ్చారు", "నెహ్రూగారు జెండా ఎగరేశారు" అన్న ప్రతి మాటకీ ఇదే పద్ధతి. కథనం, తర్వాతి పుస్తకం, ఆనాటి కాగితం: ఏది ఏ మెట్టు మీద ఉందో పక్కన రాయండి. పై మెట్టు దొరకలేదని కింది మెట్టుని పారేయక్కర్లేదు. "అని చెబుతారు" అని రాస్తే సరిపోతుంది.

12. నోట్సు, రాత, అప్పగింత

ప్రతి విషయానికీ ఒక వరస: ఏమిటి, ఎక్కడ దొరికింది, ఏ పేజీ, ఎప్పుడు చూశారు, ఫొటో ఫైలు పేరు. ఫైలు పేరు సంవత్సరంతో మొదలుపెట్టండి, కంప్యూటరే వరసలో పెడుతుంది. రెండు ఆధారాలు కొట్టుకుంటే రెండూ రాసి, మీరు దేన్ని ఎందుకు నమ్ముతున్నారో ఒక్క వాక్యంలో చెప్పండి.

బతికున్న వాళ్ళ కులం, మార్కులు, బడి మానేసిన కారణం ఎక్కడా పెట్టకండి. రిజిస్టర్ పేజీ ఫొటో వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. సంఖ్యలుగా చెప్పండి, పేర్లుగా కాదు. మన కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత ఫొటోలకి తీసినవారి జీవితకాలమూ, ఆ పైన 60 ఏళ్ళూ హక్కు ఉంటుంది, ఆ గడువు దాటనివైతే అనుమతి అడగండి.

తెలుగు వికీపీడియాలో వ్యాసం రాయాలనుకుంటే ఒక సంగతి: అక్కడ సొంత పరిశోధన చెల్లదు, అచ్చయిన ఆధారం చూపించాలి. కాబట్టి ముందు ఒక పత్రికలోనో, బడి సంచికలోనో, చిన్న పుస్తకంగానో అచ్చు వేయించండి. ఆ తర్వాత వికీలో దాన్ని చూపించొచ్చు.

చివరికి స్కాన్లన్నీ పీడీఎఫ్‌లుగా చేసి, పెన్‌డ్రైవ్‌లలో ఎక్కించి, ఏ ఫైల్లో ఏముందో చెప్పే ఒక పేజీ జాబితా జతచేసి, ఒక కాపీ హెడ్మాస్టర్ గారికి, ఒకటి పూర్వ విద్యార్థుల సంఘానికి, ఒకటి దగ్గర్లోని శాఖా గ్రంథాలయానికి ఇవ్వండి. ఇచ్చినట్టు హెడ్మాస్టర్ గారి సంతకంతో రసీదు తీసుకుని, దాని నకలు బడి స్టాక్ రిజిస్టర్లో అంటించమనండి. తర్వాత వచ్చే హెడ్మాస్టర్‌కి ఆ పెన్‌డ్రైవ్ ఒకటుందని తెలిసేది అక్కడినుంచే.